మధురకు ఆముదం బండి

మా అళగిరి మామ నోటి నుంచి ఒక మాట కోసం నేను మూడు నెలలు ఎదురుచూశాను. అవినాశి రోడ్డు పక్కన ఆయనకొక పత్తి కొట్టు ఉంది. ఊళ్ళోకి జిన్నింగు మిల్లు వచ్చాక అది ఖాళీగా పడి ఉంది. దాన్ని నాకిస్తే మోటార్లు బాగుచేసే షాపు పెట్టుకుంటానని అడిగాను. ఆయన మా అమ్మకు అన్న, ఇంటికి పెద్దదిక్కు. ఎద్దుల సంగతిలో మా పీళమేడులో ఆయన మాటకు తిరుగు లేదు. మోటారంటే మాత్రం ఆయనకు గిట్టదు. గడ్డి వేస్తే తినదు, పిలిస్తే పలకదు, దాన్ని నమ్మేదెట్లా అంటాడు.

చివరికొక పొద్దున వాకిట్లో పళ్ళు తోముకుంటూ తేల్చేశాడు.

"ఇదో చూడు గోవిందు. నీ వండి మీద నన్ను మధురకు తీసుకోని పో. తెల్లారి బయలెల్లి, పొద్దు గుంకేలోపల వైగై ఏరు దాటితే కొట్టు నీది. దాటకపోతే వండిని మధురలోనే అమ్మేసి ఇద్దరమూ రైలెక్కి వచ్చేది. ఆ తర్వాత నువ్వు మడక పట్టి దున్నాల."

"సరే మావా" అనేశాను. నూట ముప్పై మైళ్ళు! ఒప్పుకున్న మరుక్షణమే బండి దగ్గరికి పరుగెత్తాను.

మామ వండి అనే నా బండి ఒక మోటారు సైకిలు, పెద్ద యుద్ధం అయిపోయాక ఊటీ వేలంలో కొన్నది. ఒంటి సిలిండరు, వెనక చక్రానికి తోలు పట్టీ. వారం రోజులు దాని చుట్టే తిరిగాను. ట్యూబులు గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ లేచిన చోటల్లా అతుకు వేశాను. ప్రతి మరనూ విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాను. పట్టీకి మారు పట్టీ, ప్లగ్గుకు మారు ప్లగ్గు, దీపానికి కార్బైడు, రెండు గాలన్ల పెట్రోలు డబ్బా, ఒక నూనె డబ్బా సర్దుకున్నాను. ఈ బండి సంగతి తెలియని వాళ్ళ కోసం ఒక మాట: దీని ఇంజనులోకి నూనె దానంతటది దిగదు. ట్యాంకు పక్కన వేలెడంత పంపు ఉంటుంది. ఆరేడు మైళ్ళకొకసారి దాన్ని నొక్కాలి. నొక్కడం మరిచిపోతే ఇంజను ఎండిపోయి బిగుసుకుంటుంది, ఆపైన దాన్ని కమ్మరి కూడా కాపాడలేడు.

బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని ఒక రైల్వే గుమాస్తా చేత చదివించుకున్నాను. మామ కూడా ఊరకుండలేదు. వెనక కూర్చోవడానికి తన పత్తితోనే మెత్త కుట్టించుకున్నాడు. రోజూ సాయంత్రం వచ్చి, ఎడ్ల కాళ్ళు తడిమినట్టు రెండు చక్రాలూ తడిమి పోయేవాడు.

శుక్రవారం తెల్లవారి అయిదున్నరకు బయలుదేరాం. మామ తలపాగా ఊడిపోకుండా గడ్డం కింద నుంచి తుండు బిగించి కట్టుకున్నాడు. నాలుగడుగులు నెట్టగానే ఇంజను అందుకుంది. మామ వెనక నుంచి "గోవిందా!" అని కేక పెట్టాడు. పిలిచింది నన్నో దేవుణ్ణో ఇప్పటికీ తెలియదు.

సూలూరు దాటేసరికి వెలుతురు వచ్చింది. రోడ్డు తిన్నగా, గట్టిగా ఉంది. గంటకు పాతిక మైళ్ళు! రెండు పక్కలా జొన్న చేలు వెనక్కి పరుగెత్తుతుంటే నాకు గొంతెత్తి పాడాలనిపించింది. ఆరు యాభైకి పల్లడం చేరి, బస్సులు ఆగే చోట ఇడ్లీలు తిన్నాం. పక్కన కూర్చున్న నూలు వ్యాపారి మామను చూసి "ఎనక కూసుంటే భయం లేదా సామీ?" అని తెలుగులోనే అడిగాడు. మామ నావైపు చూడకుండా, "భయమేల? పడితే ముందర పడేది వాడు దానే" అన్నాడు. కదా అనడానికి మా వైపు అరవపు దానే వాడతారు.

తొమ్మిదింబావుకు ధారాపురం. అమరావతి నది ఒడ్డున బండి ఆపి అరగంట చల్లారనిచ్చాను. ఈ దారిన వచ్చేవాళ్ళు ఇక్కడే కడుపు నింపుకుని, తాగే నీళ్ళు పట్టుకోవడం మంచిది. తర్వాత రోడ్డు పాడు. బండ్ల చక్రాలు తొక్కిన గాడులు, వాటి మధ్య గుండ్రాళ్ళు. పాత ఇంజను, ఇద్దరి బరువు, పైన ఎండ. నూనె అనుకున్నదానికి రెట్టింపు తాగుతోంది. అయినా డబ్బా నిండుగా ఉందన్న ధీమాతో పంపు నొక్కుతూనే పోయాను.

పదకొండు నలభైకి ఇంజను చప్పుడు మారింది. నున్నగా కొట్టుకునేది టకటకమని దెబ్బలు మొదలుపెట్టింది. పంపు నొక్కితే గాలి వచ్చింది. వెంటనే ఆపేసి, వెనక కట్టిన నూనె డబ్బా విప్పాను. దూదిలా తేలిగ్గా ఉంది. పక్కనున్న పనిముట్ల పెట్టె అంచు రాసుకుని రాసుకుని దాని అడుగున చిల్లి పడింది. డబ్బాకు గోనెపట్టా చుట్టి కట్టి ఉంటే ఇంత వచ్చేది కాదు. ఎవరినీ అనడానికి లేదు, తప్పు నాదే.

"ఇంతసేపూ పంచె తడిగా ఉండాదే, చెమట అనుకుంటి" అన్నాడు మామ. ఆయన వెనక భాగమంతా నల్లగా మెరుస్తోంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండు మైళ్ళు నెట్టుకుంటూ ఒట్టన్‌చత్రం చేరేసరికి ఒంటిగంట కావస్తోంది. సంత జోరుగా ఉంది. కూరగాయల గంపలు, నెయ్యి కుండలు, ఎటు చూసినా జనం. ఇంజను నూనె కావాలంటే మాత్రం దిండిగల్లు పోవాలి, ఇరవై మైళ్ళు. కొట్టు చేజారినట్టే అనిపించింది. చేతులు ఊరకుంటే మనసు ఊరుకోదని ప్లగ్గు విప్పాను. మసి పట్టి ఉంది. దాన్ని కడగడానికి కిరసనాయిలు కావాలి. తల ఎత్తకుండానే, "మావా, అంగట్లో కొంచెం దీపం నూనె పట్టుకురా" అన్నాను.

లాంతర్లు వచ్చినప్పటి నుంచి మా వయసు వాళ్ళకు దీపం నూనె అంటే కిరసనాయిలే. మామ సంతలోకి పోయి విళక్కెణ్ణె అని అరవంలో అడిగాడు. మాటకు మాట చూస్తే అదీ దీపం నూనే. కాని అరవదేశంలో ఆ పేరుతో ఇచ్చేది ఆముదం. పది నిమిషాల్లో మామ పెద్ద ఇత్తడి చెంబు నిండా ఆముదంతో తిరిగొచ్చాడు.

"ఏంది మావా ఇది!"

"నువ్వు దానే దీపం నూనె అంటివి? మా తాత కాలం నుంచీ దీపంలో పోసేది ఇదే."

"నేనడిగింది కిరసనాయిలు!"

"అట్లయితే మణ్ణెణ్ణె అని చెప్పాల. నీకు మాట తిన్నగా రాకుంటే నా తప్పా?"

చెంబు కోసం వెనకే వచ్చిన నూనె వర్తకుడు మా గొడవ విని పకపకా నవ్వాడు. "అయ్యో, మీరు మనవాళ్ళా? ముందే తెలుగులో అడిగింటే ఏ నూనె అని అడిగుందును గదా!" అన్నాడు. ఇద్దరు తెలుగువాళ్ళు ఒకరికొకరు తెలియక అరవంలో బేరమాడుకున్నారన్నమాట.

నాకు ఒళ్ళు మండిపోతోంది. చేతికంటిన ఆముదాన్ని తుడుచుకోబోయి, రెండు వేళ్ళ మధ్య దాని జిగురు చూస్తూ ఆగిపోయాను. గుమాస్తా చదివిన పుస్తకంలో ఒక ముక్క గుర్తొచ్చింది. ఎండలో, బరువుతో, దూరం పోయేటప్పుడు ఇంజనుకు శుద్ధమైన ఆముదం వాడవచ్చు, కాని వేరే నూనెతో కలపరాదు. ఆనాడు మేమిద్దరం అది విని కడుపుబ్బ నవ్వుకున్నాం.

లేచి మామను గట్టిగా వాటేసుకున్నాను. "విడువురా, సంతలో అందరూ చూస్తుండారు" అన్నాడాయన, ఏమైందో తెలియకుండానే.

ఇక చూడాలి హడావిడి! ఇంజను అడుగున మిగిలిన పాత నూనె చుక్క లేకుండా తీసి, పెట్రోలుతో కడిగాను. ఆముదం చిక్కగా ఉందని వర్తకుడి పొయ్యి మీదే వెచ్చబెట్టాం. మామ తన సరిగంచు ఉత్తరీయం తీసి, నలుగురూ వద్దంటున్నా దాంతోనే వడకట్టాడు. ఇంజను చల్లారాక ఆముదం పోసి, పంపు నాలుగుసార్లు నొక్కి, కిరసనాయిలుతో కడిగిన ప్లగ్గు బిగించి నెట్టాను. ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, మూడోసారి అందుకుంది. ఆ టకటక లేనే లేదు! సంతంతా కేకలు వేసింది. అప్పటికి మూడుంబావు.

ఆముదం కాలిన పొగ వాసన మా వెంటే వచ్చింది. దిండిగల్లు సుంకపు గేటు దగ్గర ఒక బండివాడు ముక్కు ఎగబీల్చి, "ఎవరికి సామీ బేది మందు పోసిండారు?" అన్నాడు. "ఈ వండికే. అందుకే ఈ పరుగు" అన్నాడు మామ. ఆయనకు హుషారు వచ్చేసింది. ఎదురొచ్చిన ప్రతి ఎద్దుల బండినీ హోయ్ హోయ్ అని పక్కకు తప్పించాడు.

నాలుగు నలభైకి దిండిగల్లు వదిలాం. నలభై మైళ్ళు, గంటన్నర వెలుతురు. నాకు తెలిసిన ఒడుపంతా చూపించాను. కాని వాడిపట్టి దగ్గర కుడి పక్క కొండల వెనక్కి పొద్దు దిగిపోయింది. నేను చూశాను, మామా చూశాడు. కార్బైడు దీపం వెలిగించుకుని ఏడింటికి వైగై వంతెన ఎక్కాం. దూరాన గోపురాలు నల్లగా కనిపించాయి. ఒక్క రోజులో వచ్చేశానన్న సంబరం ఒక పక్క, ఓడిపోయానన్న దుఃఖం ఒక పక్క. ఆ రాత్రి మనవాళ్ళ సత్రంలో అన్నం సహించలేదు.

పొద్దున్నే మామ లేపాడు. "మాట మాటే. పద, అమ్మేసి వస్తాము."

స్టేషను దగ్గర మోటారు షాపు యజమాని బండి చుట్టూ తిరిగి ఒక ధర చెప్పాడు. ఆ ధర ఎక్కువే, నేను కొన్నదానికంటే ఎక్కువ. మామ తల అడ్డంగా ఊపాడు. అతను పెంచాడు. మామ మళ్ళీ ఊపాడు. "ఇది నూట ముప్పై మైళ్ళు ఒకే దినంలో తోలిన వండి. దిగినాక తడిమి చూస్తిని, ఒక్క మర కదల్లేదు. నీ ధర నువ్వే పెట్టుకో" అని నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

"ఏంది మావా, అమ్మాల అంటివే?"

"అమ్మాల అని దానే చెప్పింది? ఎవరికి అని చెప్పలేదే!" అంటూ నడుముకు కట్టుకున్న సంచి విప్పి, అతను చెప్పిన ధరంతా నా చేతిలో పెట్టాడు. "నేను కొంటా."

మామ మళ్ళీ అందుకున్నాడు.

"కొన్న వండిని ఎండలో నిలబెట్టను. పత్తి కొట్టులో పెట్టాల. దాని బాగోగులు చూసేదానికి మనిషి కావాల. ఖాళీగా ఉండే పొద్దులో వాడు వేరే వండ్లు బాగుచేసుకున్నా నేనేమీ అనను."

నడిరోడ్డు మీద ఏడ్చేశాను. సిగ్గేమీ అనిపించలేదు.

ఆదివారం పొద్దున ఆరింటికి మధుర వదిలాం. ఒట్టన్‌చత్రంలో వర్తకుడు మమ్మల్ని చూడగానే చెంబుతో ఎదురొచ్చాడు. ఈ దారిలో ఏ పేటలో ఆగినా మన భాష అనుకోని నోట వినిపిస్తుంది. ఏమడిగినా ముందు తెలుగులో అడిగి చూడండి. పల్లడం దాటాక చల్లబడింది, రోడ్డు ఖాళీగా ఉంది, ఇంజను హాయిగా పాడుతోంది. సంతోషం పట్టలేక వేగం పెంచాను. వెనక నుంచి భుజం మీద గట్టిగా ఒక చరుపు పడింది.

"మెల్లగా తోలరా గోవిందు! ఇది నా వండి."