మాత్రల షీటు వెనక 1-0-0

దిల్‌సుఖ్‌నగర్‌లో మేము వెళ్ళే మందుల షాపాయన చేతిలో ఎప్పుడూ పెన్ను ఉంటుంది. ఏ షీటు తీసినా దాని వెనక 1-0-1 అనో, 1-0-0 అనో రాసి కవర్లో పడేస్తాడు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. డాక్టరు చీటీ చదవలేని మా అమ్మకు ఆ అంకెలే చీటీ.

అమ్మ మన్సూరాబాద్‌లో మా ఇంటి ముందుగదిలో బ్లౌజులు కుడుతుంది. కీళ్ళవాతంతో వేళ్ళు వాచి కత్తెర పట్టలేకపోతే పెద్ద డాక్టరుకు చూపించాం. ఆయన మెథోట్రెక్సేట్ రాసి, "ఇది వారానికి ఒక్కసారే, ఆదివారం. రోజూ వేసుకుంటే ప్రమాదం," అని నాతో చెప్పాడు. అమ్మ అప్పుడు పక్కగదిలో పరీక్షకు రక్తం ఇస్తోంది. తిరిగి వస్తూ బస్సులో చెప్పాను. తల ఊపింది.

షాపాయన ఆ షీటు మీద కూడా 1-0-0 రాశాడు. నేను చూశాను. "అన్నా, అది వారానికి..." అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. వెనక నుంచి ఎవరో నా భుజం మీదుగా చీటీ చాపారు. కవరు తీసుకుని పక్కకు జరిగాను. ఆ సాయంత్రం, చూడకుండానే రాసే ఆ చేతి వేగం గురించి డైరీలో ఒక పేజీ రాసుకున్నాను. వాక్యాలు బాగా కుదిరాయని మురిసిపోయాను కూడా. ఇప్పుడా పేజీ చూస్తే చింపేయాలనిపిస్తుంది.

వారం తిరిగేసరికి అమ్మకు నోరంతా పూసింది. మజ్జిగన్నం కూడా మంటే. కింది వాటాలో ఉండే గుంటూరు ఆంటీ వచ్చి చూసింది.

"ఎండలు కదండీ వదినగారూ, వేడి చేసింది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగండి, రెండ్రోజుల్లో తగ్గిపోద్ది."

ఆ గింజలు నానబెట్టింది నేనే. తర్వాత జ్వరం వచ్చింది. జ్వరం మాత్ర కోసం డబ్బా తెరిస్తే ఆ షీటు కనబడింది. తొమ్మిది గుంటలు ఖాళీ.

"అమ్మా, గివి రోజూ ఏసుకుంటున్నవా?"

"రోజుకొకటి. గాయన రాసిండు గదా బిడ్డా."

ఐదు రోజులు దవాఖానలో ఉన్నాం. రక్తంలో తెల్లకణాలు పడిపోయాయన్నారు. "నోరు పూసినప్పుడే మందు ఆపేసి రావాల్సింది," అంది డ్యూటీ డాక్టరు. ఎవరు చెప్పారు మాకు? షీటు మీద హెచ్చరిక ఉంది, ఇంగ్లిషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. ఆ షాపున్న రోడ్డు మీదే కోచింగ్ సెంటర్లు వాళ్ళ ర్యాంకులను నిలువెత్తు అక్షరాల్లో రాసుకుంటాయి. మనిషి ప్రాణం కాపాడే ముక్కకు మాత్రం చోటు లేదు. ఆ కోపంలో సగం నా మీదే. నాకు ఇంగ్లిషు వచ్చు. నోరే రాలేదు.

రెండు నెలలకు వేళ్ళు మళ్ళీ వాచాయి. రక్తపరీక్షలు చేయించి, తక్కువ మోతాదులో అదే మందు మళ్ళీ మొదలుపెట్టాడు డాక్టరు. నేను కావాలనే ఆ షాపుకే వెళ్ళాను. ఆయన షీటు తిప్పి పెన్ను ఆనించబోతుంటే దాని మీద అరచెయ్యి పెట్టాను.

"ఏందమ్మా?"

"పోయినసారి గిట్లనే రాసినవ్. మా అమ్మ రోజూ ఏసుకుంది. సావుదాక పోయొచ్చింది."

"చీటీల ఉంటది గదా తల్లీ. సదువుకున్న పిల్లవు, చూస్కోవద్దా?"

"నేను చూస్కోవాలె. నువ్వు గూడ చూడాలె. ఆదివారం మాత్రమే అని తెలుగుల రాయి."

"పబ్లిక్ ఉన్నరమ్మా ఎనక."

"ఉండనీ."

వెనక ఒకాయన విసుక్కున్నాడు. "జర జల్ది కానియ్ తల్లీ, మెట్రో పోతది."

"ఇంకోటి ఒస్తది, పెద్దనాయినా," అన్నాను. ఎవరో నవ్వారు. నా మొహం కాలిపోతోంది, అయినా చెయ్యి తియ్యలేదు.

చివరికి రాశాడు. ఒక్కో అక్షరం పైకి చదివాకే డబ్బులిచ్చాను.

ఇంట్లో అమ్మ షీటును చెయ్యంత దూరం పెట్టి కూడబలుక్కుంది. "ఆదివారం మాత్రమే. ఇయ్యాల బుధారం గదా." మిషను సొరుగులో పెట్టబోతూ మళ్ళీ చూసింది. పెన్ను ఒత్తిడికి రేకు అక్కడక్కడా చిరిగింది.

"గింత కోపంగ రాసిండేంది?"

"నేనే రాయించిన."

"గంతమందిల నిలబడా?"

"గంతమందిలనే."