మా తాతగారిది కాని మందు

ముప్పై ఏళ్లుగా ఒక మాటను గుండెల మీద మోస్తున్నాను. వింటే జాలిపడతారేమోనని ఎవరికీ చెప్పలేదు. జాలి నాకు గిట్టదు. మీరూ పడకండి.

స్వరాజ్యం వచ్చిన ఏడు చలికాలంలో మా అమ్మకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. జగ్గయ్యపేటలో అప్పటికే మా భూములు పోయాయి, ఇల్లు సగం కూలింది, పేరు మిగిలింది. మాకు కట్టెలు కొట్టే యోసేపు ఒక పొట్లం ఇచ్చాడు. యుద్ధానికి ముందు రంగూన్‌లో చీనా వైద్యుడి దుకాణంలో పదేళ్లు వేర్లు నూరినవాడు. అతిమధురం, ఎండిన నారింజ తొక్క వాసన పోల్చుకున్నాను. మూడోదానికి ఏదో చీనా పేరు చెప్పాడు, వినిపించుకోలేదు. అతని చేతి మందు అమ్మ తాగదు. తాతగారి మందుల పెట్టెలో దొరికిందని చెప్పి కషాయం కాచి ఇచ్చాను. వారంలో లేచి కూర్చుంది.

అమ్మ ఊరంతా చెప్పుకుంది. మా గుమ్మం ముందు మళ్లీ మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మిగిలిన పొడి చిటికెడు చిటికెడు పంచాను. నాకది బాగుంది. ఎందుకు బాగుండకూడదు?

ఒక ఉదయం కిరాణా కొట్టు సుబ్బయ్యగారు మందుకోసం వచ్చి అరుగు మీద కూర్చున్నారు. అప్పుడే యోసేపు వచ్చాడు.

"అమ్మగారు లేచారంట గదండీ! ఆ చీనా మందు ఇంకో పొట్లం తెచ్చానండీ."

"చీనా మందేందిరా? వీళ్ల తాతగారిదంట గదా," అన్నారు సుబ్బయ్యగారు.

యోసేపు పకపకా నవ్వాడు. "వాళ్ల తాతగారు రంగూన్ ఎప్పుడెళ్లారండీ?"

ఆ నవ్వు భరించలేకపోయాను. "మా పెట్టెలోంచి దొంగిలించి నీదంటావట్రా?" అన్నాను.

నవ్వు ఆగింది. "తెలిసే అంటున్నారా, అయ్యగారూ?"

సుబ్బయ్యగారి వైపు తిరిగాను. యోసేపు పొట్లం పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తరువాత పేటలో అతన్ని ఎవరూ పనికి పిలవలేదు. పెళ్లాంబిడ్డలతో కీసర చేరాడని విన్నాను.

మరుసటి చలికాలం నెమ్ము తిరగబెట్టింది. డాక్టరు పెదవి విరిచాడు. "తాతగారి మందు పెట్టరా," అని అమ్మ మూడు రోజులు అడిగింది. రెండో రోజు కీసర వెళ్దామనే బస్సెక్కాను. దారి మధ్యలో నందిగామలో దిగాను. అతని గుడిసె ముందు నేను నిలబడి ఉండటం, అతను నన్ను చూసి మళ్లీ నవ్వటం ఊహించుకుని, తిరుగు బస్సెక్కాను. మందు అయిపోయిందని అమ్మకు చెప్పాను. నాలుగో రోజు పోయింది.

అతను ఇచ్చేవాడా? ఇచ్చినా ఆ మందు పనిచేసేదా? ఈ ప్రశ్నల చాటున చాలాకాలం దాక్కున్నాను. వాటికి జవాబు ఏదైనా, నేను అడగడానికి వెళ్లలేదు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

కానీ యోసేపు దొంగ కాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇంతకాలం పట్టింది. రాశాక కొంత తేలికగా ఉంది. అంతకుమించి ఎవరినీ ఏమీ అడగను.