పన్నెండో నిబంధన

పళ్ళ సెట్లు తయారుచేసే ఆయన్ని మా వీధిలో అందరూ పళ్ళాయన అనే అంటారు. ఎవరి నోటికి ఏది సరిపోతుందో చూసి, ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ అరగదీసి ఇవ్వడం ఆయన పని. ఆ ఓర్పుతోనే తమ ఆటను కూడా అరగదీయబోయి తలనొప్పి తెచ్చుకున్నాడు.

ఆట అంటే పాచికలతో నడిచే కథ. కథ చెప్పేది పళ్ళాయన. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. గోడ దూకానని అంటే సరిపోదు, పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే దూకినట్టు, చిన్నది పడితే కాలు విరిగినట్టు. తొమ్మిదేళ్ళు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన పనిగదిలోనే ఆడారు. ఆడేది ముగ్గురు: బస్సు నడిపే బావమరిది, లిఫ్టులు బాగుచేసి రిటైరైన చిన్నాన్న, ఆస్పత్రిలో దుప్పట్ల స్టోరు చూసే అక్క. చిన్నప్పుడు జ్వరంతో మంచానపడ్డ పళ్ళాయనకు ఈ ఆట నేర్పింది అక్కే. ఆమెది మెల్లని గొంతు. తన ఎత్తు తమ్ముడి చెవిలో చెప్పేది, అతను పైకి చెప్పేవాడు.

అక్కకు బదిలీ అయింది. బావమరిదికి డిపో మారింది. ఆట కంప్యూటర్ల మీదికి ఎక్కింది, తంటా మొదలైంది.

మొదటి వారమే బావమరిదికి వరసగా ఐదుసార్లు ఆరు పడింది.

"నీ పాచికలో ఆరు తప్ప వేరే అంకె లేదా?"

"నా చెయ్యి అలాంటిది బావా. మీకు కుళ్ళు."

దాంతో పాచికలన్నీ పళ్ళాయనే కెమెరా ముందు వేయాలని నిబంధన వచ్చింది. అందరూ ఒకేసారి మాట్లాడితే ఏదీ వినపడదని, చెయ్యెత్తాకే మాట్లాడాలని ఇంకోటి. చిన్నాన్న కెమెరా ఎప్పుడూ పైకప్పునే చూపిస్తుంది. "ఇందాకట్నుంచి ఎత్తే ఉంచాన్రా, భుజం లాగేస్తోంది," అన్నాడాయన అరగంట తర్వాత. సరే, వరసగా పేరు పిలుస్తానన్నాడు పళ్ళాయన. తన వంతు దాకా ఊరుకోలేక బావమరిది, కథ చెప్పేవాడికి మాత్రమే కనపడే పక్క సందేశాల్లో వెకిలి బొమ్మలు గుప్పించాడు. పళ్ళాయన విసిగిపోయి పన్నెండో నిబంధన రాశాడు: నోటితో చెప్పిందే లెక్క, రాసింది చెల్లదు. ఆపైన ఆ సందేశాలు తనకు కనపడకుండా మూసేశాడు.

నిబంధనలు ఏడు పేజీలయ్యాయి. అందరికీ పంపాడు.

"పళ్ళ సెట్టుకి కూడా ఇన్ని కొలతలు తీసుకోరు మీరు," అంది భార్య.

ఆ తర్వాత మూడు వారాలు "అక్కా, నీ వంతు" అని పిలవడం, కాసేపు ఆగడం, "అక్క ఏమీ చెయ్యట్లేదు" అని ముందుకు పోవడం. అందులో రెండో వారం బావమరిది పాత్ర పాడుబడ్డ బావిలోకి దిగుతూ జారిపడి చచ్చిపోయింది. తిట్టుకుంటూ కొత్త పాత్ర తయారుచేసుకున్నాడు.

నాలుగో ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"ఇక నేను ఆడన్రా. నా ఎత్తులు నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా."

"ఏ ఎత్తులక్కా? నువ్వు నోరు విప్పితేగా."

"నీ చెవి నాకు ఇక్కణ్ణుంచి ఎలా అందుతుంది? అందుకే ప్రతిసారీ రాశాను."

"రాసింది చెల్లదని పన్నెండో నిబంధనలో పెట్టానుగా."

"ఎవరు చదివార్రా అవన్నీ?"

పళ్ళాయన సందేశాలు తెరిచాడు. వెకిలి బొమ్మల మధ్య అక్క రాసినవన్నీ ఉన్నాయి. మొదటి వారం, దీపం వెలిగించాను. రెండో వారం, మరిది దిగేలోపే బావికి తాడు కట్టాను, పాచిక వెయ్యరా. మూడో వారం, నేను రాసేవి కనపడుతున్నాయా? అది నాలుగుసార్లు ఉంది.

"అక్కా, ఇవాళొక్కరోజు కూర్చో," అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం అక్క తెర మీద కనిపించేదాకా ఆయన కథ మొదలుపెట్టలేదు. వచ్చాక ఆమె రాసినవన్నీ పైకి చదివాడు. పన్నెండో నిబంధన కొట్టేశానని, ఆ ఎత్తులన్నీ చెల్లుతాయని, తాడుకి ఇప్పుడే పాచిక వేస్తానని చెప్పాడు.

"అంటే నేను చావలేదా?" అన్నాడు బావమరిది. "కొత్తవాడికి గుర్రం, గడ్డం అన్నీ పెట్టుకున్నాను బావా. వాణ్ణేం చెయ్యను?"

"బావి గట్టు మీద వదిలేసిన పాతవాడి చెప్పులు నేను తొడుక్కున్నానే," అన్నాడు చిన్నాన్న. "తిరిగిచ్చెయ్యాలా?"

"నాలుగు పడితే తాడు ఆగుతుంది," అన్నాడు పళ్ళాయన పళ్ళు బిగించి. వేశాడు. రెండు పడింది.

"రెండుసార్లు చంపారు నన్ను," అన్నాడు బావమరిది.

అక్క నవ్వుతోంది. నవ్వుతూనే ఏదో రాసింది. పళ్ళాయన కళ్ళద్దాలు సవరించుకుని పైకి చదివాడు: "బావిలోకి దిగి మరిదిని పైకి మోసుకొస్తున్నాను."

"చచ్చినవాణ్ణి మోసుకొచ్చి ఏం చేస్తారు వదినా?"

చచ్చినవాణ్ణి మోయడానికి ఎంత పడాలో ఏడు పేజీల్లో ఎక్కడా లేదు. "ఉండండ్రా," అని ఆయన విసుగ్గా పెన్ను తీశాడు. అక్క కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కుంది.