పిండికట్టు గది నుంచి డాక్టరు చదువుకి

లోకంలో ఉన్న కాళ్ళన్నీ ఒకే రోజు విరిగి మా అమ్మమ్మ ముందు వరసలో నిలబడినా, భోజనం వేళకి అన్నిటికీ కట్టు వేసేసి చేతులు కడుక్కుంటుంది. విరిగిన కాళ్ళు వరసలో ఎలా నిలబడతాయని అడగకండి. మా అమ్మమ్మ కసిరితే నిలబడతాయి.

అమ్మమ్మ అనగానే ముసలమ్మ అనుకోకండి. మా ఇంట్లో ఆడవాళ్ళందరూ తొందరపడి తల్లులయ్యారు. ఆమె జుట్టు ఇంకా సగమే నెరిసింది. ఊళ్ళో పెద్దాసుపత్రిలో పిండికట్టు గదిలో పని. అక్కడ బకెట్లో గోరువెచ్చటి నీళ్ళు, బల్ల మీద పట్టీల చుట్టలు, గోడకి కట్టు కోసే కరెంటు రంపం ఉంటాయి. ఆ రంపం గుర్రుమనగానే మీసాలున్న మగాళ్ళు కూడా అమ్మా అంటారు. అమ్మమ్మ దాన్ని తన అరచేతికి ఆనించి, "చూశావా, చర్మాన్ని ఏమీ చెయ్యదు. బండి మీంచి పడ్డప్పుడు కూడా ఇంత గోల చేసి ఉండవు" అంటుంది. ఆ పిండి ఎంత కడిగినా ఆమె గోళ్ళలోంచి పోదు. అందుకే మా ఇంట్లో పంచదార డబ్బా ఎవరు తీశారో కనుక్కోవడం చాలా తేలిక.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. డాక్టరు "ఊఁ" అనకుండా కట్టుకి రంపం ఆనించకూడదు. కట్టు బిగుసుకుపోయి రోగి గగ్గోలు పెడుతున్నా సరే, ముందు డాక్టర్ని పిలవాలి. ఆయన తలుపులోంచి తల మాత్రం లోపలికి పెట్టి, "ఊఁ" అని వెళ్ళిపోతాడు. అప్పుడు అమ్మమ్మ కోస్తుంది.

ఆమెకి డాక్టరు చదువు పిచ్చి పట్టింది ఆ ఊఁ దగ్గరే.

"కట్టేది నేను. కోసేది నేను. మధ్యలో ఊఁ మాత్రం ఆయనది. అదేదో నేనే అనేస్తే పోలా?" అంది ఒకరోజు కూర తరుగుతూ.

మా అమ్మకి నవ్వి నవ్వి పొలమారింది. "నీ మోకాళ్ళకి ముందు ఒక డాక్టర్ని చూడమ్మా, తరవాత నువ్వు అవుదువుగాని."

అమ్మమ్మ నవ్వలేదు. అప్పటికే అన్నీ కనుక్కుని వచ్చింది. మా దగ్గరి వైద్య కళాశాలలో ఆసుపత్రి పనివాళ్ళకని విడిగా ఒక సీటు ఉంది. దానికి ముందు సైన్సుతో ఇంటరు పాసవ్వాలి. తరవాత రాత పరీక్ష గట్టెక్కాలి. ఆ పైన ముగ్గురు డాక్టర్లు ఎదురుగా కూర్చోబెట్టి అడిగిన వాటికి జవాబు చెప్పాలి. వయసు ఒక గీత దాటితే మాత్రం గేటు దగ్గరే ఆపేస్తారు. ఆ గీత అమ్మమ్మకి మరీ దూరంగా ఏమీ లేదు.

ఓపెన్ స్కూల్లో చేరింది. పుస్తకం చదివి వినిపించే ఉద్యోగం నాది. పదో తరగతి నుంచీ నాకూ లెక్కలకీ మాటల్లేవు, చదువు అక్కడితోనే ఆగింది. అయినా గొంతు బాగుంటుందని నన్నే పెట్టుకుంది. నేను ఒక్క ముక్క అర్థం కాకుండా వార్తలు చదివినట్టు చదివేదాన్ని, ఆమె కళ్ళు మూసుకుని వినేది. కళ్ళు మూసుకుంటే వింటోందో నిద్రపోతోందో తెలిసేది కాదు. ఒకసారి పరీక్షించడానికి మధ్యలో పాలవాడి పేరు కలిపి చదివాను. కళ్ళు తెరవకుండానే నెత్తి మీద మొట్టింది.

ఎముకల పాఠం వచ్చిందంటే నా చెయ్యి ఆమెది. మణికట్టు దగ్గర మొదలుపెట్టి ఒక్కో ఎముకనీ నొక్కుతూ పేరు చెప్పేది. భౌతికశాస్త్రం మాత్రం లొంగలేదు. "బండి కొండ ఎక్కడానికి ఎంత బలం కావాలో నాకెందుకే? పడితే ఎక్కడ విరుగుతుందో అడగమను, చెబుతాను" అనేది. వాళ్ళు అది అడగలేదు. దాంట్లో తప్పింది, మళ్ళీ రాసింది, మళ్ళీ తప్పింది. ఇంటరు గట్టెక్కేసరికి నేను ఫోన్లు బాగుచేసే కొట్లో పనికి కుదురుకున్నాను. రాత పరీక్షలో బొటాబొటిగా బయటపడింది. ఆసుపత్రిలో అందరికీ వేళాకోళమైపోయింది.

"డాక్టరమ్మా, బకెట్లో నీళ్ళు చల్లారాయి!"

"చల్లారితే నీ తల ముంచు, వేడెక్కుతాయి" అనేది.

ముగ్గురు డాక్టర్ల ముందుకి వెళ్ళిన రోజు తోడు నేనే వెళ్ళాను. ఇస్త్రీ చీర కట్టుకుంది. గోళ్ళలో పిండిని నేనే గుండుసూదితో తీశాను. వాళ్ళు కూర్చున్న గది తలుపు సరిగా పడదు. బయట బల్ల మీద కూర్చుంటే సందులోంచి ఆమె వీపు కనిపించింది.

"కూర్చోండమ్మా."

"పరవాలేదండి."

"కూర్చోండి."

"పరవాలేదు సార్."

డాక్టర్ల ముందు ఆమె ఎప్పుడు కూర్చుంది కనక? మళ్ళీ చెప్పాక కుర్చీ అంచు మీద వాలింది. మొదట రక్తం గురించి అడిగారు, ఒకటి తప్పినా మిగతావి చెప్పింది. ఎముకల గురించి అడిగారు, నాకు లోపల ఈల వెయ్యాలనిపించింది. అప్పుడు ముగ్గురిలోకీ పెద్దాయన కళ్ళజోడు తీశాడు.

"చేతికి కట్టు వేసినతన్ని తీసుకొచ్చారు. వేళ్ళు నల్లబడుతున్నాయి, చల్లగా ఉన్నాయి. తాకితే అరుస్తున్నాడు. ఏం చేస్తారు?"

అది నాకే తెలుసు. వెంటనే కట్టు కోసెయ్యాలి. మా గోడకి తెలుసు, మా పాలవాడికి తెలుసు. అమ్మమ్మ కొంచెం కూడా తడుముకోలేదు.

"డాక్టరు గారిని పిలుస్తానండి."

లోపల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది.

"డాక్టరు లేరమ్మా."

"ఫోన్ చేస్తానండి."

"ఎత్తలేదు."

"పక్క వార్డులో డాక్టరు గారెవరైనా ఉంటే..."

"అమ్మా, అక్కడ డాక్టరు మీరే."

అమ్మమ్మ వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. నిజంగానే చూసింది, ఎవరైనా వచ్చారేమోనని.

"ఈలోపు ఆ చెయ్యి ఏమవుతుంది?"

"చచ్చుబడిపోతుందండి."

"మరి?"

అమ్మమ్మ లేచి నిలబడింది. "మీరు ఊఁ అంటే కోసేస్తాను సార్."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, ఇంటికొచ్చి వాళ్ళని తిట్టుకునేవాళ్ళం. పెద్దాయన చాలా మర్యాదగా, "వచ్చే ఏడు మళ్ళీ రండమ్మా" అన్నాడు.

సీటు రక్తపరీక్షల గదిలో పనిచేసే ఒకతనికి వచ్చింది. బస్సులో అమ్మమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నా దగ్గరున్న జోకులన్నీ వేశాను, ఒక్కదానికీ మొట్టలేదు. మా అమ్మ కూడా ఏమీ అడగకుండా అన్నం పెట్టింది. అమ్మ అలా నోరు మూసుకోవడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. మర్నాడు అమ్మమ్మ ఎప్పట్లాగే పనికి పోయింది. తిరిగొచ్చేసరికి గోళ్ళ నిండా పిండి.

ఏడాది తిరిగింది. వయసు లెక్కన ఆమెకిదే ఆఖరు. దరఖాస్తు గడువు దగ్గరికొస్తున్నా ఆ మాటే ఎత్తదు. అట్టలు వేసిన పుస్తకాల మీద మా అమ్మ ఇస్త్రీ బట్టలు పెట్టడం మొదలుపెట్టింది. చూసి చూసి, పెరట్లో అమ్మమ్మ చేతులు రుద్దుకుంటుంటే పక్కన చేరాను.

"అమ్మమ్మా, ఈసారి నేనే కోసేస్తానని చెప్పు. అంతేగా! కావాలంటే రోజూ పొద్దున్నే నీతో అనిపిస్తాను."

"చెప్పడానికేముందే."

"మరింకేంటి?"

"మొన్న ఒకామె వచ్చింది. కాలికి కట్టు. వేళ్ళు నల్లగా అయిపోయాయి. రంపం చేతిలో పట్టుకుని డాక్టరు కోసం నిలబడ్డాను."

"కాలు దక్కిందా?"

"దక్కింది. ఆయన తొందరగా వచ్చారు కాబట్టి."

"అది మీ ఆసుపత్రి రూలు అమ్మమ్మా. నువ్వేం చేస్తావు? డాక్టరువైతే ఆ రూలే ఉండదుగా."

అమ్మమ్మ కుళాయి కట్టేసింది.

"రూలు గుర్తొచ్చి ఆగలేదే మొద్దూ. నా అంతట నేను కొయ్యాలని నాకసలు తోచనే లేదు."