చూడని కాలికి చెప్పిన వైద్యం

అది 2006. ఏలూరులో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి ఐదేళ్లు. వచ్చేవాళ్లలో సగం మంది పక్షవాతం రోగులు, మిగతా సగం ఆయిల్ పామ్ గెలలు కోసి భుజాలు పాడుచేసుకున్న పెదవేగి కూలీలు. ఎన్నో కాళ్లూ చేతులూ చూశాను. కానీ నేను మరిచిపోలేని కాలిని ఎప్పుడూ ముట్టుకోలేదు. అది మస్కట్‌లో ఉంది.

ఆ అమ్మాయి పేరు సునీత. పుట్టిల్లు భీమడోలు. భర్త ఏసీ మెకానిక్, దూరంగా ఏదో సైటులో పని, వారానికి ఒక్కరోజు ఇంటికి వచ్చేవాడు. నాలుగేళ్ల కూతురు బ్లెస్సీ, ఏడాదిన్నర పిల్లాడు, కడుపులో మరొకరు. ఐదో నెలలో చిన్నవాణ్ణి చంకనేసుకుని తడి మెట్లు దిగుతూ జారింది. పిల్లాణ్ణి వదలకుండా పట్టుకుంది, దాంతో బరువంతా పడి ఎడమ చీలమండ విరిగింది. అక్కడి ఆసుపత్రిలో ప్లాస్టర్ వేసి, ఆరు వారాలు నాన్ వెయిట్ బేరింగ్ అన్నారు. అంటే ఆ కాలు నేలకు మోపకూడదు. ఇద్దరు పసిపిల్లల తల్లికి ఆ మాట చెప్పడం తేలికే, ఆచరించి చూపమంటే తెలుస్తుంది.

వాళ్లమ్మ మరియమ్మగారు భీమడోలులో బడి ఆయా. పాస్‌పోర్టు లేదు, వెళ్లలేరు. అందుకని శనివారాలు రైలెక్కి నా దగ్గరికి వచ్చేవారు. కూతురు కష్టం ఆవిడ చెప్పేవారు, నేను ఉపాయం చెప్పేదాన్ని, ఆవిడ మా ఎదురుగా ఉన్న ఐఎస్‌డీ బూత్‌లోంచి ఆ మాట మస్కట్‌కు చేరవేసేవారు. పొయ్యి పక్కన ఎత్తు స్టూలు వేసుకుని వండమన్నాను. పిల్లాణ్ణి ఎత్తుకోవద్దు, చాప మీద కూర్చుంటే వాడే ఒళ్లోకి వస్తాడన్నాను. మెట్లు ఎక్కాలన్నా దిగాలన్నా కూర్చుని జరగమన్నాను. "అన్నీ చేస్తుందంటండీ, మీ మాట దానికి బైబిలు వాక్యమేనండీ" అనేవారు మరియమ్మగారు. పొగిడితే పొంగనివాళ్లెవరు? నేనూ పొంగాను.

ప్లాస్టర్ తీసిన పది రోజులకు ఆవిడ మళ్లీ వచ్చారు. ఆ పూట క్లినిక్ కిటకిటలాడుతోంది. పక్షవాతం వచ్చిన పెద్దాయన్ని గోడ పట్టుకుని నిలబెడుతున్నాను.

"డాక్టరమ్మగారండీ, దానికి పిక్క కాస్త లాగుతుందంటండి. నూనె రాయించుకోమంటారా?"

"ప్లాస్టర్ తీశాక అలాగే ఉంటుందండీ. రాయించుకోమనండి, నెమ్మదిగా" అన్నాను, తలైనా తిప్పకుండా.

మా వైపు బాలింతకైనా చూలాలికైనా నూనె పెట్టి కాళ్లు ఒత్తడం కన్నతల్లి ముద్ద పెట్టినంత సహజం. ఆవిడా అనుమానించలేదు, నేనూ ఆలోచించలేదు.

పావుగంట తరువాత ఆ పెద్దాయన పిక్కలు టేపుతో కొలిచాను. కదలని కాలు ఏదైనా కొలుస్తాం, రెండు పిక్కలకూ తేడా ఉందేమో చూస్తాం. టేపు చేతిలో ఉండగానే సునీత కాలు గుర్తొచ్చింది. ఆరు వారాలు కదలని కాలు, పైగా గర్భం, పిక్కలో నొప్పి. డీప్ వీన్ త్రాంబోసిస్ అంటే కాలి లోపలి రక్తనాళంలో నెత్తురు గడ్డకట్టడం. అది ఉన్న కాలిని మర్దన చేస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. అప్పుడు తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. నేను ఒక్క ప్రశ్న అడగలేదు. పేరుకు డిగ్రీ గోడ మీద వేలాడుతోంది!

పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన భార్యకు అప్పజెప్పి, బస్టాండుకు పరిగెత్తాను. ఆవేళ రైలు తప్పిపోయిందని మరియమ్మగారు బస్సుకు వెళతానన్నారు. భీమడోలు మీదుగా వెళ్లే తాడేపల్లిగూడెం బస్సులో కిటికీ పక్కన కనిపించారు.

"దిగండి! ఆ నూనె సంగతి ఇంకా చెప్పలేదు కదా?"

"అదేంటండీ, మీరన్న వెంటనే బూత్‌లోంచి చెప్పేశానండి. పక్కింటి కేరళ ఆంటీ ఉందంటండి, ఇప్పుడే రాయించుకుంటానంది."

ఆవిడ చెయ్యి పట్టుకుని బస్టాండు బూత్‌లోకి లాక్కుపోయాను. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి బ్లెస్సీ ఎత్తింది.

"అమ్మకివ్వమ్మా ఫోను."

"అమ్మ పడుకుంది. ఆంటీ నూనె వేడి చేస్తుంది."

"నూనె వద్దని చెప్పు! పరిగెత్తు!"

రిసీవరు కింద పెట్టిన చప్పుడు. తరువాత పిల్లాడి ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు. మరియమ్మగారు నా మొహం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏమైందండీ? మా అమ్మ బాగానే ఉందా?" చివరికి సునీత గొంతు.

"బాగానే ఉంది. నేను ఏలూరు డాక్టరమ్మను. ఆ కాలు ఎవరినీ ముట్టుకోనివ్వకు. ఆ కాలికే మోకాలి కింద నాలుగు వేళ్లు వదిలి చున్నీ చుట్టి, చుట్టు కలిసినచోట ముడి వెయ్యి. అదే రెండో కాలికి పెట్టి చూడు."

కాసేపటికి చెప్పింది. "మంచి కాలికి వదులైపోయిందండి. మూడు వేళ్లు పడుతున్నాయి." ప్లాస్టర్‌లోంచి వచ్చిన కాలు సన్నబడి ఉండాలి, ఇది లావెక్కింది.

"నొప్పి కాలు వేడిగా ఉందా? ఆయాసం ఉందా?"

"నాలుగు రోజుల నుంచి కాలిపోతుందండి. ఆయాసమంటే, ఏడో నెల కదండీ..."

"ఇప్పుడే టాక్సీలో ఆసుపత్రికి వెళ్లాలి."

"పిల్లలండీ? ఆయన గురువారం గానీ రారు."

"ఆ ఆంటీకి అప్పజెప్పు. సునీతా, నువ్వు లేకపోతే వాళ్లను ఎవరు చూస్తారు?"

అంత కఠినంగా అనాల్సింది కాదేమో. కానీ కదిలింది.

స్కాన్‌లో గడ్డ కనిపించింది. నెత్తురు గడ్డకట్టకుండా పొట్టకు ఇంజెక్షన్లు మొదలుపెట్టి కాన్పు దాకా చూసుకున్నారు. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం.

కబురు తెలిసిన వారం మరియమ్మగారు కొల్లేటి కొరమీను పట్టుకొచ్చారు. అందరి ముందూ నన్ను పొగుడుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆపండీ. ఆ నూనె రాయమన్నది నేనేనండీ. అడగకుండా చెప్పాను, తప్పు నాది."

ఆవిడ ఖాళీ సంచి మడతపెట్టి చంకలో పెట్టుకున్నారు.

"కాలు లావుగా ఉందమ్మా అందండి అది నాతో. మీకు నేనే చెప్పలేదు. ఆసుపత్రికి పొమ్మంటారని, పొమ్మంటే పిల్లల్ని ఎవరు చూస్తారని. కాలిపోతుందని అది నాకూ చెప్పలేదండి, నేను బెంగపెట్టుకుంటానని."

కూతురు తల్లి కోసం కొంత తగ్గించింది, తల్లి కూతురి కోసం ఇంకొంత తగ్గించింది. నా చెవిన పడేసరికి ప్రాణం తీసే జబ్బు కాస్తా "కాస్త లాగుతుంది"గా మిగిలింది. మన ఇళ్లలో ఆడవాళ్లు నొప్పిని ఇలాగే ప్రేమతో తగ్గించి చెబుతారు. ఆ తగ్గించిన నొప్పికి నేను తలతిప్పకుండా మందు చెప్పాను.

ఇప్పుడెవరైనా కూతురి నొప్పి, కోడలి నొప్పి చెప్పడానికి వస్తే, ముందు ఫోను కలపమంటాను. "కంగారేం లేదండీ, కొంచెమేనండీ" అంటే అసలు ఒప్పుకోను. ఈ డాక్టరమ్మకు కోపం ఎక్కువని పేరొచ్చింది. రానివ్వండి.