ధనలక్ష్మి గారి మూడు డిస్కుల సినిమా

2006 వేసవిలో నన్ను విజయవాడ పటమటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ విభాగంలో సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. ఆరు యంత్రాలు, నా కింద ఇద్దరు జూనియర్లు. కిడ్నీలు పనిచేయనివారికి యంత్రంతో రక్తం శుద్ధి చేసి, ఒంట్లో చేరిన అదనపు నీరు తీయడం మా పని. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు.

ఆ నాలుగు గంటలూ ఓర్చుకోలేనివారిలో ధనలక్ష్మి గారు ఒకరు. కైకలూరు వైపు చేపల వ్యాపారం చేసిన మనిషి, ఒకచోట కూర్చుని ఎరగరు. మూడు గంటలు కాగానే తీసేయమనేవారు. రోగి తీసేయాల్సిందేనంటే రిజిస్టరులో సంతకం తీసుకుని ఆపాలి, అది నియమం.

ఆవిడ తమ్ముడు సత్యం అరచేతిలో పట్టే వీడియో ప్లేయర్ ఒకటి కొని తెచ్చాడు. సినిమా పెడితే అక్క పూర్తి సమయం ఉంటుందని అతని ఆశ. ఇంట్లో పాత సినిమాల వీసీడీలు ఉన్నాయి గానీ ఆ ప్లేయర్లో డిస్కు పట్టదు. డిస్కులోని సినిమాను కంప్యూటర్లోకి ఎక్కించి, ప్లేయర్ చదవగలిగే ఫైలుగా మార్చి, కేబుల్‌తో పంపాలి. నేను చేసిస్తానని డిస్కులూ ప్లేయరూ తీసుకున్నాను. నన్నెవరూ అడగలేదు.

ఆవిడ కోరిన సినిమా మూడు డిస్కులు. మూడింటినీ ఒక్క ఫైలుగా కలిపితే రెండో డిస్కు నుంచి మాట వెనకబడింది. పెదవులు ఆడాక మాట వినిపించేది. మళ్ళీ మార్చాను, మళ్ళీ అదే. ఒక్కో ప్రయత్నానికి నా పాత కంప్యూటర్‌కు ఐదు గంటలు పట్టేది. యంత్రంలో రక్తాన్ని శుద్ధిచేసే ద్రావణం పాళ్ళు ఏమాత్రం తప్పినా రోగికి తగిలించకూడదని నేర్చుకున్నవాణ్ణి. లోపమున్నది చేతికివ్వడానికి మనసొప్పలేదు.

రెండో వారంలో ఆవిడే అడిగారు. మాట కలవడం లేదని చెప్పాను.

"బొమ్మ కదిలితే చాలు బాబూ. మాటలు నాకు వచ్చినవే," అన్నారు.

ఇంకో రెండు రోజులు ఆగమన్నాను. ఆ రోజూ మూడు గంటలు కాగానే సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

మూడో వారం ఆదివారం మధ్యాహ్నం, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసపడుతున్న ఆవిణ్ణి తీసుకొచ్చారు. సెలవులో ఉన్న నన్ను పిలిపించారు. వెంటనే యంత్రం తగిలించాం. గుండె తట్టుకోలేకపోయింది.

పదిరోజుల తర్వాత సత్యం వస్తే ప్లేయర్ ఇచ్చేశాను. మాట అప్పటికీ కలవలేదు, ఉన్నదున్నట్టే ఎక్కించాను. అతను వరండాలో నిలబడి కాసేపు చూశాడు.

"కొంచెం ఆలస్యంగా వస్తోంది, అంతే కదండీ. అక్క చూసేది," అన్నాడు.

అతని గొంతులో నిష్ఠూరం లేదు.

ఆవిడ నెలల తరబడి నీరు పూర్తిగా తీయనివ్వలేదని, ఒక్క సినిమాతో తేడా పడేది కాదని డాక్టరుగారు అన్నారు. అయ్యుండవచ్చు. ఆ మూడు వారాలూ ప్లేయర్ మాత్రం మా ఇంట్లోనే ఉంది.

తర్వాత నా కింద పనిచేసిన ప్రతివారికీ ఒకటే చెప్పేవాణ్ణి: యంత్రంలో కొలత తప్పితే ఆపండి, ఎవరు చెప్పినా వినకండి. మిగతా విషయాల్లో రోగి చాలన్నదాన్ని ఆ పూటే ఇచ్చేయండి.