జొన్నమల్లెకు మైల లేదు

మా అత్త కాలం చేసింది. ఇంకా పెద్దకర్మ కాలేదు. మెట్‌పల్లి నుంచి డాక్టరు వచ్చేలోపే అంతా అయిపోయింది. చుట్టాలు ఆమె మంచితనం తలుచుకుని ఏడుస్తుంటే నా మనసు మాత్రం చేనులో ఉంది. నన్ను తిట్టుకోకండి, ఆమె ఉంటే ఆమె మనసూ అక్కడే ఉండేది.

ఈ ఏడు వాన మొహం చాటేసింది. అలాంటి ఏడే జొన్నకు జొన్నమల్లె పడుతుంది. పైకి చిన్న తెల్లపూల మొక్క, చూస్తే ముద్దొస్తుంది. కింద మాత్రం జొన్న వేరును పట్టుకుని రసమంతా తాగేస్తుంది. కాయ పగిలిందా, దుమ్ములాంటి విత్తనం రాలి ఏళ్ల తరబడి నేలలో పడి ఉంటుంది. అందుకే కాయ కట్టకముందే ఒక్కో మొక్కనూ పీకాలి.

పీకినదాన్ని అత్త గట్టు మీద వేయనిచ్చేది కాదు. కొంగులో మూటగట్టి తెచ్చి కాల్చేది. కరువుకు మేత దొరక్క ఊళ్లో కొందరు దాన్ని బర్రెలకు వేసేవారు.

"బర్రె తింటె పెంటల కలుస్తది, పెంట మల్ల చేన్లకే వస్తది. దొంగను బండెక్కించి తెచ్చుకున్నట్టే గద బిడ్డా!" అనేది. రేడియోలో కలుపు మందు సంగతి చెప్తే, "నేలల పదునే లేదు, మందేం జేస్తది?" అని రేడియోనే కసిరేది.

పక్క చేను ముసలాయన చనిపోయిన ఏడు కూడా ఇంతే కరువు. చావింటివాళ్లు పెద్దకర్మ అయ్యేదాకా పంట ముట్టకూడదని మా ఊరి కట్టుబాటు. అప్పటికి కాయ పగలనే పగులుతుంది. గట్టు తగాదాతో వాళ్లకూ మాకూ మాటల్లేవు. అయినా అత్త వాళ్ల చేన్లో దిగింది. మామ అడ్డం పోతే, "మైల మనుషులకు గని మల్లెకున్నదా? గట్టు దాటి మన దాంట్లకు రాదా అది?" అంది.

ఇప్పుడు ఆ మైల మాకొచ్చింది. మాకు తిండిగింజలిచ్చేది ఆ చేనొక్కటే. మామ రోజూ గట్టు దాకా పోయి, కాయ కడుతున్న పూతను చూసి, దిగలేక తిరిగొస్తున్నాడు. ఎవరినైనా పిలుద్దామంటే కండువా దులుపుకుని లేచిపోతాడు.

నిన్న సాయంత్రం నేనూ వెంట పోయాను. మా చేను మధ్యలో ఎవరో వంగి ఉన్నారు. పక్క చేను ఆమె. గట్టు తగాదా ఇంకా తెగలేదు, మమ్మల్ని చూసి కూడా పలకరించలేదు. మామ గట్టు మీద కూలబడి, అత్త పోయాక మొదటిసారి ఏడ్చాడు. ఆమె నడుమెత్తి, నిండిన కొంగును బొడ్లో దోపుకుని పక్క సాలులోకి పోయింది. మూటలోంచి ఒక తెల్లపువ్వు జారితే, వెనక్కి వచ్చి ఏరుకుంది.